ఎన్‌పీటెల్ కోర్సులో డౌట్ ఎలా అడిగితే జవాబు వస్తుంది?

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల్లో మన ఇంజినీరింగ్ విద్యార్థులు చాలామంది చేరుతుంటారు. వీడియోలు చూస్తారు, అసైన్‌మెంట్లు సబ్మిట్ చేస్తారు, డౌట్ వస్తే మాత్రం వాట్సాప్ గ్రూపులో సీనియర్లని అడుగుతారు, వాళ్లకీ తెలియకపోతే అక్కడితో వదిలేస్తారు. ఆ కోర్సు చెప్పే ప్రొఫెసర్ టీమ్, టీఏలు (టీచింగ్ అసిస్టెంట్లు) చూసే డిస్కషన్ ఫోరం చేతికి అందేంత దగ్గర్లో ఉండి కూడా దాన్ని వాడుకోకపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదు కదా.

కోర్సులో చేరిన వారంలోనే ఫోరం తెరిచి ఊరికే చదవండి. ప్రశ్నలు, జవాబులు మీ మెయిల్‌కి కూడా వస్తుంటే జీమెయిల్‌లో వాటికో లేబుల్ పెట్టి ఫిల్టర్ చేసుకోండి, లేకపోతే కోర్సు అనౌన్స్‌మెంట్లు ఆ గుంపులో కనబడకుండా పోతాయి.

డౌట్ వచ్చిందా, ముందు సెర్చ్ చేయండి. చాలా డౌట్లు అప్పటికే ఎవరో ఒకరు అడిగి ఉంటారు. దొరకకపోతే కొత్త ప్రశ్న పెట్టండి, అసలు పని ఇక్కడే ఉంది. పైథాన్ కోర్సే తీసుకుందాం. "సార్, నా ప్రోగ్రామ్ పనిచేయట్లేదు, ప్లీజ్ హెల్ప్" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ వారం, ఏ ప్రోగ్రామ్, ఏ ఎర్రర్ అని ఎదురు అడగాలి, మీరు మళ్లీ చూసేసరికి రెండు రోజులు గడిచిపోతాయి. దానికి బదులు ఇలా రాయండి: "మూడో వారం, లిస్టుల మీద సందేహం. 5 అంశాలున్న లిస్టుని లూప్‌లో 1 నుంచి 5 వరకు ఇండెక్స్ ఇచ్చి ప్రింట్ చేస్తున్నాను. అన్నీ వస్తాయనుకుంటే మొదటిది రావట్లేదు, చివర్లో 'ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్' అంటోంది. ఎందుకు?" ఏ వారమో, ఏం చేశారో, ఏం వస్తుందనుకున్నారో, ఏం వచ్చిందో అన్నీ ఇందులో ఉన్నాయి. చూసినవాళ్లు ఒక్క లైనులో చెప్పేస్తారు, ఇండెక్స్ (లిస్టులో అంశం స్థానాన్ని చెప్పే నంబరు) 0 నుంచి మొదలవుతుంది, చివరిది 4 అని. నిజానికి ఇంత వివరంగా రాస్తుంటే సగం సార్లు జవాబు మీకే తట్టేస్తుంది. కోడ్‌ని ఫొటో తీసి పెట్టకండి, టెక్స్ట్‌గానే పేస్ట్ చేయండి, చదివేవాళ్లు దాన్ని కాపీ చేసి రన్ చేసి చూడాలి కదా.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిష్ దగ్గర ఆగిపోతుంటారు. దయచేసి ఆగకండి. చిన్న చిన్న వాక్యాలు చాలు, గ్రామర్ తప్పినా ఫర్వాలేదు, విషయం తెలిస్తే చాలు.

టైమింగ్ కూడా చూసుకోవాలి. చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్ గడువు బుధవారం రాత్రి 11:59కి ముగుస్తుంది, ఆ రోజు సాయంత్రం అడిగితే జవాబు అందేలోపు గడువు అయిపోతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, గడువు లోపల అసైన్‌మెంట్ జవాబు అడగకూడదు, చెప్పకూడదు. కాన్సెప్ట్ అడగొచ్చు. "నాలుగో ప్రశ్నకి ఆప్షన్ 'బి'నా, 'సి'నా" అని అడగొద్దు, ఆ ప్రశ్న వెనకున్న సూత్రం ఎక్కడ అర్థం కాలేదో అడగండి. చాలా కోర్సుల్లో ఫైనల్ మార్కుల్లో అసైన్‌మెంట్లకి 25 శాతమే, 75 శాతం పరీక్షదే. పైగా 12 వారాల కోర్సులో సాధారణంగా బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు, ఒకటి పోయినా టెన్షన్ పడక్కర్లేదు. కాన్సెప్ట్ అర్థం కాకపోతే మాత్రం పరీక్షలో దెబ్బతింటారు.

జవాబు వచ్చాక థ్యాంక్స్‌తో ఆపకుండా ఏం మారిస్తే పనిచేసిందో ఒక లైను రాయండి, అదే డౌట్‌తో వచ్చే తర్వాతివాళ్లకి పనికొస్తుంది. మీకు తెలిసిన ప్రశ్న కనబడితే మీరే జవాబివ్వండి. ఇంకొకరికి చెప్పేటప్పుడే మనకెంత వచ్చో తేలుతుంది.

అప్పుడప్పుడు గడువు తర్వాత ఇచ్చే కీలో జవాబు తప్పనిపించొచ్చు. అలాంటప్పుడు "నాకు మార్కులు తగ్గాయి" అని గొడవపడకుండా ప్రశ్న నంబరు, మీ లెక్క, లెక్చర్‌లో దానికి ఆధారం ఏ నిమిషం దగ్గరుందో రాసి పెట్టండి. మీరు చెప్పింది సరైందైతే కీ సవరించి మార్కులు మళ్లీ లెక్కేసే అవకాశం ఉంది, కాబట్టి అనౌన్స్‌మెంట్లు చూస్తూ మీ ప్రోగ్రెస్ పేజీలో స్కోరు మారిందో లేదో సరిచూసుకోండి.