అగ్నిశిఖ తీగను ప్రమాదం లేకుండా పెంచడం ఎలా?

అడవినాభి అని కూడా పిలిచే అగ్నిశిఖ, ఏటా పూత ముగిశాక ఎండిపోయి, నేలలోని దుంప నుంచి మళ్ళీ చిగురించే బహువార్షిక తీగ. అంచులు అలలు తిరిగి, వెనక్కి వంగిన దీని ఆరు రేకులు పసుపు నుంచి నారింజకు, అక్కడి నుంచి ముదురు ఎరుపుకు మారుతాయి. అయితే మొక్క అంతటా, ముఖ్యంగా దుంపలోనూ గింజల్లోనూ, కాల్చిసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది.

1. చోటు ఎంచుకోవడం

కనిపించినదల్లా నోట్లో పెట్టుకునే పసిపిల్లలు గానీ, మట్టి తవ్వే కుక్కలు గానీ ఇంట్లో ఉంటే ఈ మొక్క జోలికి పోకపోవడమే మేలు. పెంచదలచినవారు దీన్ని కూరగాయల మడికి దూరంగా, ప్రత్యేకమైన కుండీలో నాటాలి. తీగ ఎండిపోయాక నేల పైన ఆనవాలు ఏమీ మిగలదు కాబట్టి, చిలగడదుంప, పెండలం పండించే మడిలో ఇది ఉంటే తవ్వేవారు పొరబడి వంటకు తీసుకుపోయే ప్రమాదం ఉంది. దుంపను ఉడికించినంత మాత్రాన విషం పోదు.

2. దుంప నాటడం

వేసవి వేడి మొదలయ్యాక, చేతి తొడుగులు వేసుకొని నాటాలి. సాధారణంగా రెండు కొమ్మలుగా చీలి ఉండే దుంపలో ఒక్కో కొమ్మకు కొసన మాత్రమే మొలక కన్ను ఉంటుంది. దుంప చాలా పెళుసు, కన్ను విరిగితే ఆ కొమ్మ ఇక మొలవదు. అందుకే దుంపను కొసలు పట్టుకొని కాక నడిమి భాగాన్ని పట్టుకొని ఎత్తి, ఇసుక కలిసిన, నీరు నిలవని మట్టిలో అడ్డంగా, 5 నుంచి 8 సెంటీమీటర్ల లోతున పడుకోబెట్టాలి. మొలక కనిపించేదాకా మట్టిని కొద్దిగా తేమగా ఉంచితే చాలు. ఈ దశలో దుంప ఎండిపోవడం కంటే కుళ్ళిపోవడమే ఎక్కువ.

3. ఊతం ఇవ్వడం

ఇది కాండంతో చుట్టుకుంటూ పాకే తీగ కాదు. ఆకు కొస సన్నగా సాగి, నులితీగలా మెలి తిరిగి, దొరికినదాన్ని పట్టుకుంటుంది. లావైన స్తంభం ఆ కొసకు అందదు కాబట్టి సన్నని తీగల వల గానీ, పుల్లలతో అల్లిన చట్రం గానీ 2 మీటర్ల ఎత్తున అమర్చాలి. మొలక ఒక జానెడు పెరిగేలోపే ఈ ఏర్పాటు పూర్తి కావాలి. ఆలస్యంగా గుచ్చే పుల్ల దుంపలోకి దిగవచ్చు.

4. నీరు, ఎరువు, పురుగు

తీగకు ఎండ తగలాలి, మొదలు మాత్రం చల్లగా ఉండాలి, కనుక కుండీ పైన ఎండుటాకులు పరచాలి. ఎదిగే కాలంలో పైమట్టి ఆరినప్పుడల్లా నీరు పోయాలి. నత్రజని ఎక్కువైతే ఆకులే వస్తాయి, మొగ్గ తొడిగే వేళకు పొటాష్ ఎక్కువగా ఉన్న ఎరువు మేలు. నల్లటి ఒంటి మీద తెలుపు, నారింజ మచ్చలున్న గొంగళిపురుగులు ఆకులను వేగంగా తినేస్తాయి. వాటిని తొడుగులతో ఏరివేయడమే తేలిక.

5. గింజల సంగతి

గింజతో పెంచిన మొక్క పూయడానికి కొన్నేళ్ళు పడుతుంది, అంత ఓపిక లేనివారు కాయలను పచ్చిగా ఉన్నప్పుడే కత్తిరించి వేయాలి. కాయ పగిలితే బయటపడే ఎర్రని గింజలు పిల్లలను ఆకర్షిస్తాయి.

ఎవరైనా ఏ భాగాన్నైనా మింగినట్టు అనుమానం వస్తే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వాంతులు, విరేచనాలు మొదలవడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, ఆలోగా మనిషి బాగానే కనిపిస్తాడు. సొంతంగా వాంతి చేయించకుండా, మొక్క ముక్కను సంచిలో వేసి వైద్యులకు చూపించాలి.

6. విశ్రాంతి కాలం

ఆకులు పసుపు రంగుకు తిరిగితే నీరు తగ్గించి, తీగ పూర్తిగా ఎండాక ఆపేయాలి. పాత దుంప ముడుచుకుపోయి దాని స్థానంలో కొత్తది ఏర్పడి ఉంటుంది. కుండీని వాన తగలని చోటికి జరిపితే సరిపోతుంది. దుంపలను తవ్వితీస్తే పొడి ఇసుకలో పెట్టి, పెట్టె మీద మొక్క పేరుతో పాటు ‘విషం’ అని పెద్ద అక్షరాలతో రాసి, వంటింటికి దూరంగా తాళం వేసి ఉంచాలి.