పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం – 3వ పాఠం: లెవల్ పెట్టుకోవడం

పోయిన పాఠంలో టేప్ రికార్డర్ హెడ్ తుడిచి, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి యూఎస్‌బీ సౌండ్ కార్డు లైన్-ఇన్‌కు వైరు కలిపాం. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ నొక్కి క్యాసెట్ ప్లే చేస్తే మీటరు కదులుతోంది కదా? ఇక అసలు పనికి, అంటే శబ్దం ఎంత గట్టిగా రికార్డు కావాలో (లెవల్) సరిచూసుకోవడానికి వద్దాం. ఈ పాఠంలో తప్పు చేస్తే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా దిద్దలేదు. అందుకే తొందరపడకండి.

క్యాసెట్ కాలంలో రికార్డింగ్ చేసినవాళ్లకు ఒక అలవాటు ఉండేది. టేపుకు పుట్టుకతోనే 'స్‌స్‌స్' అనే హిస్ ఉంటుంది. అది వినబడకుండా ఉండాలని, ముల్లు ఎర్ర గీతను తాకేదాకా లెవల్ పెంచేవాళ్లు. కొంచెం మించినా టేపు ఓర్చుకునేది, గొంతు కాస్త బొంగురుపోయేది, అంతే. కంప్యూటర్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. అది శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. మీటరులో సున్నా డెసిబెల్ అంటే అది రాయగల ఆఖరి అంకె. ఆ పైన వచ్చిందంతా ఆ అంకె దగ్గరే తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. వింటే చెవిలో గీసినట్టు పటపటమంటుంది. తెగిన భాగం ఫైల్లో ఉండదు కాబట్టి తిరిగి రాదు.

కాబట్టి క్యాసెట్ మొదట్లో విని లెవల్ పెట్టకండి. అందులో అన్నిటికంటే గట్టిగా వినిపించే చోటును వెతకండి. పద్య నాటకమైతే, నటుడు పద్యం చివర రాగం ఎత్తుకునే చోటు చూడాలి. హార్మోనియం, పైగా జనం 'వన్స్ మోర్' కేకలు, అన్నీ అక్కడే కలుస్తాయి. హరికథైతే తాళాలూ మృదంగమూ కలిసి వేగం అందుకునే చోటు. అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. మైనస్ 10 దగ్గర ఆగినా మంచిదే. తక్కువైందేమో అని టెన్షన్ పడొద్దు. 24 బిట్‌లో (ఒక్కో కొలతను మరింత సూక్ష్మమైన అంకెగా రాసే పద్ధతి) రికార్డు చేస్తే కంప్యూటర్ కలిపే రొద కంటే క్యాసెట్ హిస్సే ఎన్నో రెట్లు ఎక్కువ. తక్కువ లెవల్‌ను తర్వాత పెంచుకోవచ్చు.

టేప్ రికార్డర్ వాల్యూమ్‌ను సగం దగ్గర ఉంచి, మిగతాది ఆడాసిటీ రికార్డింగ్ స్లైడర్‌తో సరిచేయండి. వాల్యూమ్ పూర్తిగా పెంచితే పాత మెషీన్లలో శబ్దం బయటికి రాకముందే పగులుతుంది. అప్పుడు మీటరు బాగానే కనిపిస్తుంది, పాట మాత్రం పాడైపోతుంది. బాస్, ట్రెబుల్ మీటలు మధ్యలో ఉండాలి.

ఫైలును వేవ్‌గానే (WAV, శబ్దంలో ఏదీ తీసేయకుండా దాచే ఫైలు రకం) దాచండి, నేరుగా ఎంపీ3 చేయకండి. ఎంపీ3 చెవికి అంతగా తెలియవనుకున్న శబ్దాలను తీసేసి ఫైలును చిన్నది చేస్తుంది. తర్వాత హిస్ తగ్గించాలన్నా, పద్యాలను విడగొట్టాలన్నా మీకు కావలసింది ఏదీ తీసేయని మూల ప్రతి. 24 బిట్ స్టీరియోలో నిమిషానికి సుమారు 16 ఎంబీ అవుతుంది. 60 నిమిషాల క్యాసెట్ ఒక జీబీ లోపే. ఇంట్లో మరో ప్రతి లేని గొంతు కోసం ఆ మాత్రం చోటు ఇవ్వడం ఏమంత ఎక్కువ కాదు. వాట్సాప్‌లో బంధువులకు పంపడానికి కావాలంటే ఆ వేవ్ నుంచి వేరుగా ఎంపీ3 తీసుకోండి.

అభ్యాసం: అంత విలువైనది కాని క్యాసెట్ ఒకటి తీసుకోండి. ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్లుగా కదలని టేపు చుట్టలు సర్దుకుంటాయి. గట్టి చోటు రెండు నిమిషాలు రికార్డు చేయండి. వ్యూ మెనూలో క్లిప్పింగ్ చూపించే ఆప్షన్ ఆన్ చేస్తే, తెగిన చోట్ల ఎర్ర గీతలు వస్తాయి. ఒక్కటి కనిపించినా స్లైడర్ తగ్గించి మళ్లీ చేయండి. గీతలు లేకపోతే రెండు వైపులా పూర్తిగా ఎక్కించి, క్యాసెట్ మీది పేరుతోనే సేవ్ చేసి, మరో డ్రైవ్‌లోనూ ఒక ప్రతి పెట్టండి. హిస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, అది 4వ పాఠం.