ఆకు నల్లబడలేదు టీచర్! 7, 8 తరగతుల జీవశాస్త్రం ప్రయోగాలు ఎక్కడ తేడా కొడతాయి?

ప్రయోగం రాకపోతే “పుస్తకంలో ఉన్నదే రాసుకోండి” అనేయడం మనకు అలవాటు. విజయవాడ, గుంటూరు బడుల్లో ల్యాబ్ అంటే చాలాచోట్ల ఒక బీరువానే కాబట్టి ఆ తొందర అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ మాట అనేముందు ఇవి చూడండి.

సమస్య: అయోడిన్ వేసినా ఆకు నీలి నలుపు కాలేదు

పిండిపదార్థం ఉన్నచోట అయోడిన్ నీలి నలుపుగా మారాలి. మారకపోతే ముందు సీసాను అనుమానించండి. క్యారేజీలోంచి నాలుగు అన్నం మెతుకులు తీసి ఒక చుక్క వేయండి. అవీ నల్లబడకపోతే తప్పు ఆకుది కాదు, మూత వదులైన సీసాలో అయోడిన్ ఆవిరైపోయింది. కొత్తది తెప్పించండి.

మెతుకులు నల్లబడి ఆకు మాత్రం మొండికేస్తే, దాని రంగు చూడండి. ఇంకా పచ్చగా ఉంటే పత్రహరితం, అంటే ఆకులోని పచ్చరంగు, పూర్తిగా పోలేదు. మామిడి లాంటి దళసరి ఆకులతో ఈ తంటా ఎక్కువ. మందారం ఆకు మేలు. ఉల్లికాడ అసలొద్దు, అది పిండిపదార్థం నిల్వ చేసుకోదు. ఆకును మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి, తర్వాత ఆ పచ్చరంగు పోవడానికి స్పిరిట్‌లో వేయాలి. స్పిరిట్ సుమారు 78 డిగ్రీలకే మరుగుతుంది, దాని ఆవిరి భగ్గున అంటుకుంటుంది. స్టవ్ ఆర్పి దూరంగా పెట్టాకే వేడినీళ్ల గిన్నెలో ఆకు, స్పిరిట్ ఉన్న పరీక్షనాళిక నిలబెట్టండి. ఇది పిల్లల చేతికిచ్చే పని కాదు.

ఆకు తెల్లబడ్డా రంగు రాలేదా? స్పిరిట్‌లో గట్టిపడిన ఆకును మెత్తబరచడానికి వేడినీళ్లలో ముంచి, తీసిన వెంటనే అయోడిన్ వేసి ఉంటారు. వేడి మీద ఆ నీలిరంగు నిలవదు, చల్లారనివ్వండి.

ఇవేవీ కాకపోతే టైంటేబుల్‌ని చూడాలి. పొద్దున్నే కోసిన ఆకులో, రాత్రంతా ఖర్చయిపోగా మిగిలిన పిండిపదార్థం తక్కువే. ఈ క్లాసు భోజనాల తర్వాత పెట్టుకుని, ఎండ తగిలిన ఆకు కోయండి. లెక్కల సార్‌ని పీరియడ్ మార్చుకోమని ఒప్పించడమే ఇందులో అసలు కష్టం.

పోల్చి చూడటానికి చీకట్లో పెట్టిన మొక్క ఆకు కూడా నల్లబడితే చీకటి చాలలేదని అర్థం. తలుపు సందుల్లోంచి వెలుగు పడకుండా రెండు రోజులు ఉంచండి.

సమస్య: ఉల్లిపొర స్లయిడ్ చూసి అందరూ నల్ల అంచుల గుండ్రాలు గీశారు

అవి గాలిబుడగలు. కణాలు ఇటుకల వరుసలా కనిపించాలి. పొర మీద గ్లిజరిన్ చుక్క వేసి, కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి సూదితో మెల్లగా వాల్చండి. పొర చుట్టుకుపోతుంటే ఫ్యాన్ ఆపి, రేకు లోపలివైపు నుంచి తీసిన వెంటనే నీళ్లలో వేయండి. అంతా గులాబీ ముద్దలా ఉంటే కణాలు కనబడడానికి వేసే శాఫ్రనిన్ రంగు ఎక్కువైంది, కడిగేయండి. అద్దం ఉన్న మైక్రోస్కోప్‌ను సూర్యుడి వైపు తిప్పనివ్వద్దు, కళ్లు పోతాయి.

సమస్య: హైడ్రిల్లా అనే నీటిమొక్క నుంచి ఆక్సిజన్ బుడగలు రావడం లేదు

కాచి చల్లార్చిన నీళ్లు పోసి ఉంటారు, వాటిలో కార్బన్ డయాక్సైడ్ ఉండదు. చిటికెడు వంటసోడా కలపండి. కాడల కోసిన కొనలు పైకి ఉండాలి. పక్కనే మొక్క లేని గ్లాసు ఒకటి పెట్టండి: మన ఎండకు నీళ్లు వేడెక్కితే గాజుకు ఉత్త గాలిబుడగలే అంటుకుంటాయి, వాటినే పిల్లలు ఆక్సిజన్ అనుకుంటారు. హైడ్రిల్లా కోసం వాళ్లను బందరు కాలువ గట్టుకు పంపకండి, అక్వేరియం షాపులో అడగండి.

సమస్య: కిరణజన్య సంయోగక్రియ సమీకరణం తప్పు లేకుండా రాస్తారు, “మొక్కకి తిండి ఎక్కడిది?” అంటే “మట్టిలోంచి” అంటారు

ఇంట్లో వినేదే కారణం. యూరియా చల్లి “చేనుకి బలం వేశాం” అంటారు నాన్నలు. యూరియా మొక్కకు నత్రజని ఇస్తుంది, పిండిపదార్థం ఇవ్వదు. నిర్వచనం మళ్లీ చెప్పించే బదులు పాతకాలపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ లెక్క బోర్డు మీద వేయండి. 1648లో అచ్చయిన ప్రయోగమది. సుమారు 90 కిలోల మట్టిలో రెండు కిలోల పైచిలుకు విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు దాదాపు 77 కిలోలైంది, మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. మరి ఆ బరువెక్కడిది? నీళ్లదేనని ఆయన తేల్చాడు. ఆయన దేన్ని లెక్కలోకి తీసుకోలేదో పిల్లల్ని అడగండి. “గాలి” అని ఎవరో ఒకరు అనేదాకా మీరు మాత్రం చెప్పకండి.