డెల్టాలో ఇంటికి విలువ కట్టించే ముందు జాగ్రత్తలు

బ్యాంకు పంపే వాల్యుయేటర్ వచ్చేలోగా దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), ఇంటి పన్ను రసీదు, మంజూరైన ప్లాను సిద్ధంగా ఉంచుకోవాలి. దస్తావేజులో విస్తీర్ణం సెంట్లలోనూ, ప్లానులో గజాలలోనూ ఉంటే, సెంటుకు 48.4 చదరపు గజాల చొప్పున లెక్కవేసి రెండూ సరిపోయాయో లేదో చూసుకోవాలి. స్థలం 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) లేదని కూడా నిర్ధారించుకోవాలి.

గోదావరి డెల్టాలో అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసింది నేల. వరిచేను మెరక చేసి కట్టిన ఇల్లయితే, పునాది ఆ పోసిన మట్టిలోనే ఆగిందో, అడుగునున్న గట్టి నేల వరకు దిగిందో తెలిసిన తాపీమేస్త్రీని ఆ రోజు పిలిపించుకోవడం మంచిది. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్లను కొత్త రంగుతో కప్పిపెట్టినా ప్రయోజనం ఉండదు. అనుభవమున్న కన్ను ముందు అక్కడికే పోతుంది. ఇల్లు ఏటిగట్టుకు ఏ వైపున ఉందో, 1986 వరదలో నీరు ఎంతవరకు వచ్చిందో ఊరి పెద్దలను అడిగి తెలుసుకోవాలి. పక్కన రొయ్యల చెరువులుంటే బోరు నీటి ఉప్పదనాన్ని దాచకూడదు.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయపు విలువ స్టాంపు సుంకం కోసం నిర్ణయించినది. వీధిలో చెప్పుకునే ధర వేరు. కాబట్టి సమీపంలో ఇటీవల నిజంగా జరిగిన అమ్మకాల వివరాలే చూపాలి తప్ప, అమలాపురం మెయిన్ రోడ్డు ధరను లోపలి పల్లెకు అన్వయించమని పట్టుబట్టకూడదు. వాల్యుయేటర్ తన నివేదికలో రాసే విలువను బట్టి మారే ఫీజు అడిగితే దానికి ఒప్పుకోకూడదు.