చెక్క పొగపెట్టె: పొగ సరిగా పట్టకపోతే ఎక్కడ వెతకాలి

రంపం, ఉలి, చిత్రిక, బరమా ఉంటే చాలు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున చెక్కపెట్టె ఇంట్లోనే చేసుకోవచ్చు. చేపలకి వేడి తగలకుండా ఒక్క పొగనే పట్టించడం దీని పని. చలిదేశాల్లో బయటి గాలే పెట్టెను చల్లగా ఉంచుతుంది. మన శ్రీకాకుళం వైపు ఆ చల్లదనం మనమే సంపాదించుకోవాలి. తేడాలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

పెట్టె లోపల వేడెక్కుతోంది

పొగ కోసం రంపపు పొట్టు రాజేసే కుంపటిని పెట్టె అడుగునే పెడితే జరిగేది ఇదే. లోపల 30 డిగ్రీలు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మేలు. కుంపటిని ఆరేడు అడుగుల దూరంలో, పెట్టె కంటే పల్లంలో పెట్టండి. రెంటికీ మధ్య చిన్న కాలువ తవ్వి, బంగాళా పెంకులు కప్పి, పైన మట్టి మెత్తండి. పొగలోని వేడిని నేల లాగేసుకుంటుంది. చేపలు వేలాడే ఎత్తులో ఒక థర్మామీటర్ కట్టండి, చేత్తో తాకి అంచనా వేయొద్దు. ఎండాకాలంలో మాత్రం ఏ కాలువా కాపాడదు, బయటి గాలే వేడి కదా! పుష్యమాసంలో, అదీ రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టి తెల్లారేసరికి ముగించండి.

పొట్టు మాటిమాటికీ ఆరిపోతోంది

బారువ, కళింగపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో గాలి తేమకి పొట్టు మెత్తబడుతుంది. బాగా ఎండబెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి. మరీ అదిమినా గాలాడక ఆరిపోతుంది. చిత్రిక పట్టిన చుట్టలు ఎక్కువైతే మంటే లేస్తుంది. అందుకని రంపపు పొట్టే వాడండి.

చేదు రుచి, పెట్టె పైకప్పుకి నల్లటి జిగురు

చాలామంది చెక్కని తప్పుపడతారు కానీ ముందు చూడాల్సింది పై రంధ్రాన్ని. పొగ పోతుందని దాన్ని మూసేస్తే లోపలే నిలిచి, చల్లబడి, తారులా దిగుతుంది. పొగ వచ్చే దారి మూడంగుళాలుంటే పోయే దారీ అంతే ఉండాలి. పలచగా, నీలంగా కదిలే పొగే మంచిది, దట్టంగా తెల్లగా వస్తుంటే కుంపటికి గాలి చాలడం లేదు. పైకప్పుని కొంచెం వాలుగా బిగిస్తే చుక్కలు చేప మీద పడకుండా పక్కకి జారిపోతాయి. చేప పైతడి ఆరకముందే లోపల పెట్టినా చేదెక్కుతుంది.

ఇవన్నీ సరిగా ఉండీ చేదొస్తే అప్పుడు పొట్టుని అనుమానించండి. మామిడి, పనస, చింత బాగుంటాయి. నీలగిరి, వేప వద్దు. కోతమిల్లు పొట్టులో ప్లైవుడ్ కలిసి ఉండొచ్చు, దాని జిగురు పొగ తిండికి పనికిరాదు. పలాస దగ్గర జీడిపిక్కల తొక్క చవగ్గా దొరుకుతుంది కదా అని అస్సలు వాడకండి. అందులోని నూనె చర్మాన్నే పొక్కిస్తుంది. ఆ పొగని తిండికి పట్టించడం ప్రమాదం.

అతుకుల్లోంచి పొగ కారుతోంది

పచ్చి చెక్క ఎండి ముడుచుకుపోయింది. బయటివైపు సన్నటి పట్టీలు కొట్టండి. ఈసారి చేసేటప్పుడు ఎండిన పలకలకే అంచులు సగం మందం చెక్కి, ఒకదానిపై ఒకటి ఎక్కేలా కూర్చండి. లోపల రంగు, వార్నిష్, జిగురు ఏవీ పుయ్యకండి.

చేప మెత్తబడింది, పుల్లటి వాసన

పారేయండి, కుక్కకీ పిల్లికీ కూడా పెట్టొద్దు. చల్లటి పొగ చేపని ఉడికించదు, క్రిముల్ని చంపదు. ముందు ఉప్పు బాగా పట్టించాలి, పొగ పెట్టాక ఫ్రిజ్‌లో ఉంచి, వండుకునే తినాలి. కానాగడత, సూర చేపలతో మరీ జాగ్రత్త. అవి వేడిలో నిలవుంటే హిస్టమిన్ అనే విషం తయారవుతుంది, వాసన రాకపోయినా ఉండొచ్చు, ఎంత వేయించినా పోదు. పట్టిన దగ్గర్నుంచీ ఐస్‌లో ఉన్నదే తీసుకోండి.

కొత్త పెట్టెలో అసలు చేపతో మొదలుపెట్టొద్దని నా గట్టి సలహా. నౌపడ కల్లుప్పు ఒక పళ్లెంలో, పలాస జీడిపప్పు ఇంకో పళ్లెంలో పరిచి పొగ పట్టించండి. కాస్త వేడెక్కినా ఈ రెండూ పాడవవు. ఉప్పు నాలుక మీద వేసుకుంటే చేదుందో లేదో వెంటనే తెలుస్తుంది. థర్మామీటర్ రాత్రంతా 25 దాటకుండా నిలిచి, ఉప్పులో చేదు లేదనిపించాకే చేపలు కొనండి.