వాచీ పాఠాలు – 4: స్మార్ట్‌వాచ్ పక్కన పెట్టుకుని కీ వాచీ నాడి చూడటం

పోయిన పాఠంలో చెప్పింది ఒక్క పనే. ఒక చేతికి కీ వాచీ, రెండో చేతికి స్మార్ట్‌వాచ్ కట్టుకుని, రెండింటికీ ఎన్ని సెకన్ల తేడా ఉందో రోజూ రాయండి అన్నాను. ఇందులో చెప్పడానికేముంది అనుకుని రెండు పేరాల్లో ముగించేశాను. తప్పు నాదే. మీరు పంపిన లెక్కలు చూస్తే కళ్ళు తిరిగాయి. ఒకరి హెచ్ఎంటీ జనతా మొదటి మూడు రోజులు బుద్ధిగా నడిచి, నాలుగో రోజు పొద్దునకల్లా నాలుగు నిమిషాలు ముందుకు పోయింది. ఇంకొకరి అంకెలు సోమవారం ప్లస్ 9, మంగళవారం మైనస్ 3, బుధవారం ప్లస్ 14, గురువారం "మర్చిపోయాను". కాబట్టి వాచీ వెనక మూత తెరిచి, వేగం పెంచీ తగ్గించే చిన్న మీట, రెగ్యులేటర్, చూపిస్తానన్న పాఠం వాయిదా. ఇలాంటి అంకెలు చేతిలో పెట్టుకుని లోపల వేలు పెడితే బాగున్న వాచీ కూడా పాడవుతుంది.

ముందు ఆ నాలుగు నిమిషాల సంగతి. రాత్రి వాచీ ఎక్కడ పెట్టారు అని అడిగితే మంచం పక్కన స్టూలు మీద అన్నారు. ఆ స్టూలు మీద ఇంకేముంది? స్మార్ట్‌వాచ్ ఛార్జర్. ఆ గుండ్రటి బిళ్ళ వాచీకి టక్కున అతుక్కుంటుంది కదా, అతికించేది అయస్కాంతమే. దాని మీదే కీ వాచీ పడుకుని నిద్రపోయింది.

లోపల జరిగేది ఇది. వాచీ నడక వేగాన్ని పట్టి ఉంచే బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊపేది తలవెంట్రుకంత సన్నని చుట్టల స్ప్రింగు, హెయిర్ స్ప్రింగ్. జనతాలో అది గంటకు 18,000 దెబ్బలు కొట్టిస్తుంది, అంటే సెకనుకు 5, రోజుకు 4,32,000. ఆ స్ప్రింగుకు అయస్కాంత గుణం పట్టిందంటే చుట్టలు ఒకదాన్నొకటి లాగుతాయి, ఒక్కోసారి అంటుకుపోతాయి. అంటుకున్న మేరకు స్ప్రింగు పొట్టిదైనట్టే. పొట్టి స్ప్రింగు గబగబా ఊగుతుంది, వాచీ పరిగెడుతుంది. కొన్నిసార్లు స్లో కావచ్చు, ఆగిపోనూవచ్చు, కానీ నేను చూసినవాటిలో ఎక్కువ ఇలా ఉన్నట్టుండి నిమిషాలకు నిమిషాలు ముందుకు దూకినవే. మామూలుగా పాతబడిన వాచీ ఒక్క రాత్రిలో ఇలా మారదు, నూనె ఎండిపోయి మెల్లగా దారి తప్పుతుంది. ఉన్నట్టుండి మారిందంటే ముందు అయస్కాంతాన్నే అనుమానించండి.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. నా మొదటి కీ వాచీని బ్లూటూత్ స్పీకర్ మీద పెట్టి పడుకున్నాను. పొద్దున్నకి ఆరు నిమిషాలు ఫాస్ట్. ఒక షాపుకి తీసుకెళ్తే విప్పి, కడిగి, నూనె వేసి, పన్నెండు వందలు తీసుకుని ఇచ్చారు. ఇంటికొచ్చాక మళ్ళీ ఆరు నిమిషాలు. పది సెకన్లలో పోయే జబ్బుకి ఆపరేషన్ చేయించాను.

పరీక్షకు ఫోన్‌లో దిక్సూచి యాప్ వాడకండి, ఫోన్ స్పీకర్‌లోనే అయస్కాంతం ఉంటుంది. పిల్లల జామెట్రీ బాక్సులో దొరికే చిన్న ముల్లు దిక్సూచి చాలు. దాని పక్కకు వాచీని తీసుకొచ్చి మెల్లగా తిప్పండి. ముల్లు కొంచెం కదిలిందని కంగారు వద్దు, లోపల ఉక్కు ముక్కలుంటాయి, ఉక్కు ఏ ముల్లునైనా లాగుతుంది. చూడాల్సింది ముల్లు ఎక్కడైనా దూరంగా *నెట్టబడుతోందా* అని. బడిలో చదివిన సైన్సు గుర్తుందా, వికర్షణే అసలు పరీక్ష. నెట్టిందంటే మీ వాచీకి అయస్కాంతం పట్టినట్టే.

విరుగుడు: డీమాగ్నెటైజర్ అని ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది. వాచీని దాని మీద పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని, వాచీని మెల్లగా పైకి చెయ్యి చాచినంత దూరం తీసుకెళ్ళి, అప్పుడు బటన్ వదలాలి. వాచీ ఇంకా మీదుండగానే బటన్ వదిలితే మొదటికే మోసం. స్మార్ట్‌వాచ్‌ని మాత్రం సరదాకి కూడా దాని మీద పెట్టకండి. డబ్బా కొనడం ఇష్టం లేకపోతే రిపేరు షాపులో అడగండి, "సర్వీసింగ్ వద్దు, మాగ్నెట్ తీస్తే చాలు" అని గట్టిగా చెప్పి మరీ అడగండి. ఇక ఛార్జర్‌ని వాచీకి మూరెడు దూరం జరపండి, దూరంతో అయస్కాంత బలం చాలా వేగంగా తగ్గిపోతుంది. స్మార్ట్‌వాచ్‌కి అయస్కాంతంతో అతుక్కునే జాలీ బెల్టు వాడేవాళ్ళూ, చేతులు కట్టుకుని కూర్చునే అలవాటుంటే కాస్త చూసుకోండి.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం. ప్లస్ 9, మైనస్ 3, ప్లస్ 14. ఈ లెక్క ఎలా వచ్చిందంటే ఆయన రోజూ పొద్దున తేడా రాసి, వెంటనే కీ లాగి టైమ్ సరిచేసేస్తున్నారు. ఆయన ఒక్కరే కాదు, సగం మంది అదే చేశారు. *సరిచేయకండి.* జనతాలో కీ లాగితే సెకన్ల ముల్లు ఆగదు, సెకను పట్టి టైమ్ పెట్టడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. ప్రతి పొద్దునా ఐదో పదో సెకన్ల తప్పు మీరే కొత్తగా కలుపుతున్నారు, మర్నాడు దాన్ని వాచీ తప్పుగా రాస్తున్నారు. అసలు వాచీ సరైన టైమ్‌లో ఉండాల్సిన పనే లేదు. నాకు కావలసింది తేడా ఎంత ఉందన్నది కాదు, ఆ తేడా ఎంత *పెరిగింది* అన్నది.

ఉదాహరణ చూడండి. మొదటి రోజు ఉదయం 7 గంటలకు కీ వాచీ 12 సెకన్లు ముందుంది. రాసుకోండి, ముట్టుకోకండి. మర్నాడు అదే వేళకు 27. ఆ మర్నాడు 43. నాలుగో ఉదయం 57. 57 లోంచి 12 తీస్తే 45, మూడు రోజులకు భాగిస్తే రోజుకు 15 సెకన్లు ఫాస్ట్. అయిపోయింది. చూడటంలో మొదటి రోజు ఒక సెకను, చివరి రోజు ఒక సెకను పొరపాటు పడ్డారనుకోండి, ఆ రెండు సెకన్లూ మూడు రోజుల మీద పంచుకుపోతాయి. పది రోజులు చూస్తే రోజుకు సెకనులో ఐదో వంతే. రోజూ సరిచేసేవాళ్ళకు ఆ పంచుకోవడం ఉండదు, ఏ రోజు తప్పు ఆ రోజు నెత్తిన. ఇంకో ఉదాహరణ: ఇవాళ ఉదయం 7కి చూసి, రేపు ఆదివారం కదా అని 9:30కి లేచి చూశారు, తేడా 18 పెరిగింది. ఇది రోజుకు 18 కాదు, 26న్నర గంటలకు 18. 24తో గుణించి 26.5తో భాగిస్తే పదహారు చిల్లర. మరి వాచీ పది నిమిషాలు దాటి ముందుకు పోతే? పోనివ్వండి. టైమ్ చూసుకోవడానికి రెండో చేతికి ఒకటి ఉందిగా! ఆఫీసుకు లేటవుతుందని టెన్షన్ పడి సరిచేశానన్న ఆ మనిషి స్మార్ట్‌వాచ్ ఎందుకు కట్టుకున్నట్టు?

కొలబద్ద గురించి కూడా రెండు ముక్కలు. స్మార్ట్‌వాచ్‌లో కూడా గడియారాన్ని నడిపేది సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ ముక్కే, అదీ కొంచెం కొంచెం తప్పుతుంది. అది కచ్చితంగా కనిపించేది ఫోన్‌తో మాట్లాడి ఎప్పటికప్పుడు సరిచేసుకోవడం వల్ల. ఒకరి ఫిట్‌నెస్ బ్యాండుకి మూడు వారాలుగా ఫోన్‌తో సంబంధమే లేదు, ఆయన దాన్నే ప్రమాణంగా పెట్టుకుని కీ వాచీని తిట్టుకున్నారు. చూసే ముందు ఒకసారి సింక్ చేయండి. ఎప్పుడూ వెలిగి ఉండే స్క్రీన్ ఉన్నవాటిలో చాలావరకు మసక స్థితిలో సెకన్లు చూపవు, తట్టి లేపాకే చూడండి. నేనైతే రెండు వాచీలనూ పక్కపక్కన పెట్టి ఫోన్‌తో నిటారుగా పైనుంచి ఒక ఫోటో తీస్తాను. తేదీ, వేళ, తేడా మూడూ అందులోనే ఉంటాయి, పుస్తకంలోకి తర్వాత తీరిగ్గా ఎక్కించుకోవచ్చు.

రాత్రీ పగలూ విడివిడిగా చూస్తే ఇంకా బాగుంటుంది. నా జనతా పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా చేతిమీద 4 సెకన్లే పెరిగింది, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా డయల్ పైకి పెట్టి పడుకోబెడితే 11 పెరిగింది. పడుకుంటే బ్యాలెన్స్ చక్రం ఇరుసు మొన మీద హాయిగా ఊగుతుంది, నిలబెడితే ఇరుసు పక్కలు రాసుకుంటాయి, అందుకే ఒక్కో భంగిమలో ఒక్కో నడక. నేను రాత్రి కీ కిందికి వచ్చేలా మడిచిన తువ్వాలు మీద నిలబెట్టాను, 11 కాస్తా 2 అయింది. పగటి 4 కలుపుకుంటే రోజుకు 6. మూత తెరవలేదు, రూపాయి ఖర్చు లేదు. మీ వాచీకి కీ పైకి పెడితే కుదరొచ్చు, అది మీరే చూసుకోవాలి. స్మార్ట్‌వాచ్‌తో ఈ సుఖం లేదు, దాన్ని తలకిందులుగా పెట్టినా ఏమీ మారదు.

ఇంతకీ రోజుకు ఎన్ని సెకన్లు అయితే మంచిది? స్విట్జర్లాండ్‌లో సీఓఎస్‌సీ అనే సంస్థ వాచీ యంత్రాన్ని 15 రోజులు, ఐదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల దగ్గర పరీక్షించి, సగటున మైనస్ 4 నుంచి ప్లస్ 6 లోపు ఉంటేనే క్రోనోమీటర్, అంటే కచ్చితంగా నడిచే వాచీ, అని పత్రం ఇస్తుంది. చాలా చిన్న కంపెనీలు తెచ్చి బిగించే జపాన్ ఎన్‌హెచ్35 యంత్రానికి తయారీదారు చెప్పే హద్దు మైనస్ 20 నుంచి ప్లస్ 40. 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన హెచ్ఎంటీ వారి పాత జనతా రోజుకు 30 సెకన్లు తప్పుతోందంటే, 4,32,000 దెబ్బలకు 150 తప్పిందన్నమాట. అంత వయసులో నాకైతే అది ముద్దే. (పచ్చగా, గులాబీగా మెరిసే డయల్‌తో "కొత్త" జనతా ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళు ఈ లెక్కలోకి రారు. అది చాలావరకు రంగు మళ్ళీ వేసిన డయల్, లోపల ఏ ముక్క ఏ వాచీదో ఎవరికీ తెలియదు.)

అభ్యాసం తొమ్మిది రోజులు, ఒక్క రోజు తప్పినా మొదటి నుంచి. రోజూ ఉదయం ఒకే వేళకు నిండా కీ ఇవ్వండి, ఆటోమేటిక్ (చేతి కదలికతో తనే కీ ఇచ్చుకునేది) అయినా చేత్తో కీ ఇవ్వగలిగితే ఇవ్వండి. మొదటి నాలుగు రోజులు మామూలుగా కట్టుకోండి, పొద్దున ఒకసారి, రాత్రి తీసేటప్పుడు ఒకసారి రాయండి. తర్వాతి ఐదు రోజులు చేతికి కట్టకండి: డయల్ పైకి, డయల్ కిందికి, కీ పైకి, కీ కిందికి, కీ ఎడమకి, ఒక్కో భంగిమలో ఒక్కో రోజు, తువ్వాలు మీదే. సీఓఎస్‌సీ వాళ్ళు చూసేవీ ఈ ఐదే. టైమ్ సరిచేయకూడదని మళ్ళీ చెప్పను. పుస్తకంలో మొదటి అంకె రాసే ముందు, పేజీ పైన ఛార్జర్ ఏ గదిలో ఉందో రాయండి.