ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ ఆలస్యమైతే: ఎదురుచూసే నెలల్లో జాగ్రత్తలు

పక్క సీటులో ఉన్నాయనకి రిటర్న్ వేసిన పది రోజుల్లో రిఫండ్ పడిపోతుంది. మనకు మాత్రం నెలలు గడిచినా ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో (incometax.gov.in) ‘ప్రాసెసింగ్’ అనే కనిపిస్తుంది. టెన్షన్ సహజమే. అయితే ఆలస్యం వల్ల పోయే డబ్బు కన్నా ఆ టెన్షన్‌లో చేసే పనుల వల్ల పోయేదే ఎక్కువ. రిఫండ్ వస్తుందన్న ధీమాతో అప్పు తెస్తారు, ఎవరో పంపిన లింకు నొక్కుతారు, వచ్చిన నోటీసు చూడకుండా వదిలేస్తారు.

ముందు గడువు సంగతి తెలుసుకోవాలి. రిటర్న్ వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఇంకో తొమ్మిది నెలల వరకు దాన్ని ప్రాసెస్ చేయడానికి ఆదాయపు పన్ను శాఖకు చట్టం సమయం ఇచ్చింది. 2025 సెప్టెంబర్‌లో వేసిన రిటర్న్‌కు ఆ గడువు 2026 డిసెంబర్ 31. చాలామందికి అంతకన్నా ఎంతో ముందే వస్తుంది, కాదనను. కానీ పిల్లల ఫీజుకో చీటీ వాయిదాకో ఈ డబ్బునే లెక్కలో పెట్టుకోవద్దు.

ఆలస్యానికి వడ్డీ ఇస్తారు కదా అంటారా? ఇస్తారు, సెక్షన్ 244ఏ కింద నెలకు అర శాతం. మన భాషలో చెప్పాలంటే అర్ధ రూపాయి వడ్డీ. 40,000 రిఫండ్ మీద నెలకు 200 రూపాయలు. రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి, ఈ అర్ధ రూపాయి కోసం చూస్తూ కూర్చోవడం ఎంత నష్టమో వేరే చెప్పాలా? గడువులోపు రిటర్న్ వేసినవాళ్లకు టీడీఎస్ (ఆదాయం చేతికి రాకముందే కోసే పన్ను) మీద ఈ వడ్డీని ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తారు, ఆలస్యంగా వేస్తే వేసిన తేదీ నుంచి. రిఫండ్ మొత్తం అసలు పన్నులో పది శాతం కన్నా తక్కువైతే వడ్డీ ఉండదు. వచ్చిన వడ్డీ ఆదాయమే కాబట్టి, అందిన సంవత్సరం రిటర్న్‌లో చూపించాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

రిటర్న్ వేసే ముందే

ఏప్రిల్‌లోనే వేసేస్తే రిఫండ్ ముందొస్తుందని తొందరపడేవాళ్లున్నారు. జనవరి–మార్చి టీడీఎస్ వివరాలు ఇవ్వడానికి కంపెనీలకు మే 31 దాకా గడువు ఉంటుంది, ఉద్యోగికి ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్, అంటే ఫారం 16, జూన్ 15కల్లా ఇవ్వాలి. ఆ వివరాలు ఫారం 26ఏఎస్‌లో (మీ పేరున జమైన పన్ను పట్టిక), ఏఐఎస్‌లో (మీ ఆదాయం, లావాదేవీల పట్టిక) కనిపించకముందే రిటర్న్ వేస్తే లెక్క కలవక మొదటికే మోసం వస్తుంది. జూన్ మూడో వారం దాకా ఆగండి. జీతంలో టీడీఎస్ కోసి కూడా యజమాని కట్టలేదని 26ఏఎస్‌లో తెలిస్తే వెంటనే రాతపూర్వకంగా అడగండి, పే స్లిప్పులు దాచుకోండి. కోసిన పన్నును మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతోంది. కానీ అది నిరూపించుకోవడానికి కాగితాలు కావాలి.

ఇక బ్యాంకు ఖాతా. ప్రీ-వాలిడేట్ అయిన, అంటే పోర్టల్‌లో ముందే సరిచూసి ఖాయం చేసిన ఖాతాకే రిఫండ్ పడుతుంది. తెలుగువాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన తిప్పలొకటి ఉంది: ఇంటిపేరు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరంగా, ఆధార్‌లో పేరు చివర. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకైతే ఒక్కో కాగితంలో ఒక్కో రకం. పేర్లు కలవకపోతే ఖాతా వాలిడేట్ కాదు. రిటర్న్ వేసే నెల ముందే ఒక పూట కూర్చుని మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మార్పులకు బ్యాంకులో రోజులు పడుతుంది.

విలీనమైన బ్యాంకుల ఖాతాలనూ చూసుకోవాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, దాని పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు ఇప్పుడు పనికిరావు. 2025 మే 1న నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. వీటిలో ఖాతా ఉంటే పోర్టల్‌లో వివరాలు మరోసారి సరిచూసుకోండి. ఏళ్లుగా వాడని పాత శాలరీ ఖాతా ఇవ్వవద్దు.

పాన్–ఆధార్ లింకు లేక పాన్ ఇన్‌ఆపరేటివ్ అయితే, అంటే పనిచేయకుండా పోతే, రిఫండ్ ఆగుతుంది, ఆ కాలానికి వడ్డీ కూడా రాదు. రిటర్న్ వేసిన 30 రోజులు దాటాక ఈ-వెరిఫై చేస్తే, ఆ వెరిఫై చేసిన రోజునే రిటర్న్ వేసినట్టు లెక్క; అసలు చేయకపోతే రిటర్నే వేయనట్టు. ఆధార్ ఓటీపీతో రెండు నిమిషాల పని, అదే రోజు ముగించండి.

పీఆర్సీ బకాయిలు, పెన్షన్ ఎరియర్స్ ఒక్కసారిగా అందుకున్న ఉద్యోగులు, రిటైరైనవాళ్లు సెక్షన్ 89 రిలీఫ్ (బకాయిలు ఒకేసారి రావడంతో పెరిగిన పన్నుకు ఇచ్చే ఊరట) కోరుతుంటే రిటర్న్ కన్నా ముందు ఫారం 10ఈ వేయాలి. అది లేకపోతే రిలీఫ్ కొట్టేస్తారు. రిఫండ్ వస్తుందనుకున్నచోట డిమాండ్ నోటీసు వస్తుంది.

నోటీసు ఎవరి ఫోన్‌కి వస్తోంది?

చాలా ఊళ్లలో రిటర్న్ వేసిపెట్టే కన్సల్టెంటు తన ఫోన్ నంబరు, తన ఈమెయిల్ పెట్టేస్తాడు. వంద మంది క్లయింట్ల మెయిళ్లు ఒకే పెట్టెలో పడతాయి. వాటిలో మీది ఆయన చూడకపోతే మీకు తెలిసే దారే లేదు. రిటర్న్‌లో లోపం ఉందని సెక్షన్ 139(9) నోటీసు ఇస్తే 15 రోజుల్లో సరిచేయాలి. పాత బకాయికి ఈ రిఫండ్ సర్దుతామని సెక్షన్ 245 సమాచారం వస్తే 21 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే వాళ్లు రాసిందే ఖాయం, డబ్బు సర్దేస్తారు. కాబట్టి పోర్టల్ ప్రొఫైల్‌లో మీ నంబరు, మీ ఈమెయిల్ ఉండాలి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. వారానికోసారి లాగిన్ అయి ‘పెండింగ్ యాక్షన్స్’, ఈ-ప్రొసీడింగ్స్ చూస్తే చాలు.

పాత డిమాండ్ కనిపించగానే బెదిరి కట్టేయకండి. ఏ సంవత్సరానిదో, అప్పట్లో కట్టిన చలాన్ ఉందో చూడండి. 2009-10 వరకు సంవత్సరాలవి 25,000 రూపాయల దాకా, 2010-11 నుంచి 2014-15 వరకువి 10,000 దాకా ఉన్న చిన్న డిమాండ్లను ఉపసంహరిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించారు. మీది తప్పు డిమాండ్ అయితే పోర్టల్‌లోనే ‘ఒప్పుకోను’ అని కారణం రాసి, చలాన్ జతచేయండి.

ఇక్కడ చెప్పిన సెక్షన్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా, అంతకు ముందు సంవత్సరాల ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది.

లింకులు, ఏజెంట్లు

‘మీకు 15,490 రూపాయల రిఫండ్ మంజూరైంది, ఖాతా నంబరు సరిచూసుకోండి’ అన్న మెసేజ్ 2023లో చాలా ఫోన్లకు వచ్చింది. అది నకిలీదని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పింది. అలాంటివి ఏటా కొత్త అంకెలతో తిరుగుతూనే ఉంటాయి. రిఫండ్ కోసం శాఖ పిన్, ఓటీపీ, కార్డు వివరాలు అడగదు. వాట్సాప్‌లో యాప్ ఫైలు పంపదు. మెసేజ్ నిజమైనదో కాదో అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు: ఏ లింకూ నొక్కకుండా, బ్రౌజర్‌లో పోర్టల్ పేరు మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి. నిజమైన సమాచారమైతే అక్కడ ఉంటుంది.

‘కమీషన్ ఇస్తే పెద్ద రిఫండ్ తెప్పిస్తా’ అనే ఏజెంటు ఇంకా ప్రమాదం. లేని ఇంటద్దె, ఇవ్వని పార్టీ విరాళం చూపించి అతను తన వాటా పట్టుకుపోతాడు, సంతకం మీదే ఉంటుంది. ఆదాయాన్ని తప్పుగా చూపితే, ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం దాకా జరిమానా పడుతుంది. 2025 జులైలో ఇలాంటి ఏజెంట్ల మీద దేశవ్యాప్తంగా సోదాలు జరిగాయి. ఆ డిసెంబర్‌లో అనుమానం ఉన్న రిఫండ్లను ఆపి, సరిచేసుకొమ్మని చాలామందికి సందేశాలు పంపారు. అలాంటిది మీకు వస్తే, క్లెయిమ్‌కు రుజువులు ఉన్నాయో లేవో నిజాయితీగా చూసుకోండి. లేకపోతే గడువులోపు రివైజ్డ్ రిటర్న్ వేయడమే మంచిది. ఆ గడువు దాటాక మిగిలేది అప్‌డేటెడ్ రిటర్న్ ఒక్కటే, దాంతో కొత్తగా రిఫండ్ అడగడం గానీ ఉన్న రిఫండ్‌ను పెంచుకోవడం గానీ కుదరదు. రుజువులు ఉంటే భయపడి మార్చాల్సిన పని లేదు.

పోర్టల్‌లో ‘రిఫండ్ ఫెయిల్డ్’ అని ఉంటే ఖాతా సరిచేసి ‘రిఫండ్ రీఇష్యూ’ పెట్టండి. డబ్బు దానంతటదే మళ్లీ రాదు. ప్రాసెసింగ్ బాగా ఆలస్యమైతే పోర్టల్‌లోనే గ్రీవెన్స్ వేసి, అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు రాసి పెట్టుకోండి. లేదా 1800 103 0025కి ఫోన్ చేయండి. అదే ఫిర్యాదును రోజూ కొత్తగా వేస్తే పని తొందరగా ఏమీ కాదు. జవాబు రాకుండానే మూసేస్తే మాత్రం, పాత నంబరు ప్రస్తావిస్తూ కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో మరొకటి వేయండి.